వాననీటికి పల్లపు తోట... కొలత తప్పితే బురదగుంట

దేశంలోని ఏ పెద్ద నగరంలోనైనా రహదారి మధ్యనుండే డివైడరును కాస్త పరిశీలనగా చూస్తే ఒక వింత కనిపిస్తుంది. మొక్కలు నాటిన మట్టి రోడ్డు కంటే అడుగు, అడుగున్నర ఎత్తున, సిమెంటు రాళ్ల గోడల నడుమ ఉంటుంది. రోడ్డు మీద పారే వాననీరు ఆ మట్టిని తాకే అవకాశమే లేదు. పైగా గట్టి వాన కురిస్తే ఆ మట్టే కరిగి రోడ్డు మీదికి జారి కాలువ మూతిని పూడ్చివేస్తుంది. వర్షాకాలంలో స్కూటర్లు మునిగిన అదే రోడ్డు మీద, ఏప్రిల్ వచ్చేసరికి అవే మొక్కలకు ట్యాంకర్లతో నీరు పోయవలసి వస్తోంది. పార్కుల సంగతీ చాలాచోట్ల ఇంతే. ప్రహరీ కట్టి, లోపల మట్టి నింపి ఎత్తు చేసి, నడక దారులకు రాళ్లు పరచి, పడిన నీరు పడినట్టే వీధిలోకి పోయేటట్లు తీర్చిదిద్దుతున్నారు.

ఈ అమరికను తిరగవేయాలన్నదే ఆంగ్లంలో 'రెయిన్ గార్డెన్' అని పిలిచే వాన తోట వెనుక ఉన్న ఆలోచన. మొక్కలుండే మట్టి చుట్టుపక్కల నేల కంటే జానెడు పల్లంలో ఉండాలి. డాబా మీద, వాకిట్లో, రోడ్డు మీద పడిన నీరు అక్కడికి చేరాలి. కొద్ది గంటలు నిలిచి, వేళ్ల సందుల గుండా భూమిలోకి ఇంకిపోవాలి. ఇంకగా మిగిలినది మాత్రమే కాలువలోకి పొర్లాలి. చెప్పడానికి ఇంత సులువుగా ఉన్న ఈ ఏర్పాటు ఆచరణలో విఫలమయ్యేది రెండు కారణాల వల్ల: వచ్చే నీటికి తగిన కొలతలో తవ్వకపోవడం, నేల స్వభావాన్ని పరీక్షించకపోవడం.

మన దేశానికి ఇది బొత్తిగా కొత్త మాట కాదు. జాతీయ విపత్తు నిర్వహణ ప్రాధికార సంస్థ 2010లో నగర వరదలపై వెలువరించిన మార్గదర్శకాలలోనే ప్రజా ఉద్యానవనాలలోనూ, కొత్తగా అభివృద్ధి చేసే పెద్ద కాలనీలలోనూ వాన తోటలకు చోటు కల్పించాలని సూచించింది. పదిహేనేళ్లు దాటినా ఆ సూచన చాలా నగరాలలో కాగితం మీదనే ఉన్నది.

ఒకే నగరానికి రెండు కష్టాలు

వాననీటి విషయంలో మన నగరాల పరిస్థితి ఎంత విడ్డూరంగా ఉన్నదో తెలియడానికి చెన్నై ఒక్కటి చాలు. 2015 డిసెంబరు 1, 2 తేదీలలో తాంబరంలో ఒక్క రోజులోనే సుమారు 490 మిల్లీమీటర్ల వర్షం కురిసింది. అడయారు నది పొంగి నగరంలో పెద్దభాగాన్ని ముంచివేసింది. నాలుగేళ్లు తిరగకుండానే, 2019 వేసవిలో అదే నగరానికి నీరందించే జలాశయాలు ఎండిపోయాయి. జూలై మాసంలో జోలార్‌పేట నుంచి రైలు వ్యాగన్లలో తాగునీరు తరలించవలసిన దుస్థితి ఏర్పడింది. బెంగుళూరు అనుభవమూ దీనికి భిన్నం కాదు. 2022 సెప్టెంబరులో ఔటర్ రింగు రోడ్డు వెంబడి సాఫ్ట్‌వేర్ సంస్థల ఉద్యోగులు ట్రాక్టర్లెక్కి కార్యాలయాలకు వెళ్లారు. 2024 వేసవి నాటికి నగరంలోని ప్రభుత్వ బోర్లలో దాదాపు సగం ఎండిపోయాయని ఆ రాష్ట్ర ప్రభుత్వమే ప్రకటించింది.

వరదకూ కరవుకూ మూలం చాలావరకు ఒక్కటే. నీటిని నేల తాగే మార్గాలన్నీ మూసుకుపోయాయి. దీనిని అంకెల్లో చెప్పడానికి ఇంజనీర్లు వాడే లెక్క చాలా సరళమైనది. ఒక హెక్టారు స్థలంలో గంటకు 50 మిల్లీమీటర్ల చొప్పున వాన కురుస్తున్నదనుకుందాం. చెట్లు, గడ్డి, వదులు మట్టి ఉన్న నేల అయితే అందులో సుమారు మూడో వంతు లోపే బయటికి పారుతుంది. అంటే సెకనుకు 40 లీటర్ల పైచిలుకు. అదే స్థలాన్ని డాబాలతో, సిమెంటు రోడ్లతో, పేవర్ రాళ్లతో కప్పివేస్తే నూటికి 95 వంతులు పారవచ్చు. అప్పుడది సెకనుకు 130 లీటర్లు దాటుతుంది. కాలువ మాత్రం పాతదే. కొత్త కాలువలకు ఈ 0.95 గుణకం వరకు లెక్కలోకి తీసుకోవాలని విపత్తు ప్రాధికార సంస్థ చెప్పడానికి కారణం ఇదే. నగరంలో నేలంటూ మిగలదన్న చేదు నిజాన్ని అంగీకరించడమే అది.

కాలువలు వెడల్పు చేయడం ఒక్కటే పరిష్కారమని నమ్మిన నగరాలకు ముంబయి అనుభవం గుర్తుండాలి. ఆ నగరపు పాత కాలువలు గంటకు 25 మిల్లీమీటర్ల వానకు, అదీ సముద్రం పోటు మీద లేని వేళకు సరిపడేవి. వాటిని 50 మిల్లీమీటర్లకు పెంచాలన్న 'బ్రిమ్‌స్టోవాడ్' నివేదిక 1993లోనే సిద్ధమైనా, 2005 జూలై 26న శాంతాక్రజ్‌లో 24 గంటల్లో 944 మిల్లీమీటర్లు కురిసి నగరం అతలాకుతలమైన తర్వాత గాని పనులు వేగం అందుకోలేదు. అదే రోజు అదే నగరపు దక్షిణపు కొసన కొలాబాలో నమోదైనది 75 మిల్లీమీటర్ల లోపే. ఎక్కడ ఎంత కురుస్తుందో తెలియని చోట, ఎక్కడి నీటిని అక్కడే కొంతైనా ఆపగలగడం వల్ల లాభమేమిటో ఈ రెండు అంకెలు చెబుతున్నాయి.

మేరీలాండ్ నుంచి వచ్చిన మాట

పల్లంలో నీరు నిలిపి ఇంకించడం ప్రపంచంలో ఎవరికీ కొత్త కాదు గాని, ఇంటింటి తోటగా దానికొక పేరూ, కొలతల పద్ధతీ ఏర్పడినది అమెరికాలోని మేరీలాండ్ రాష్ట్రంలో. అక్కడి ప్రిన్స్ జార్జెస్ కౌంటీలో 1990లో సోమర్‌సెట్ అనే కాలనీ నిర్మాణం తలపెట్టినప్పుడు, వాననీటి కోసం పెద్ద చెరువు తవ్వడానికి బదులు ప్రతి ఇంటి స్థలంలోనూ 300 నుంచి 400 చదరపు అడుగుల పల్లపు తోటను ఏర్పాటు చేశారు. కౌంటీ పర్యావరణ విభాగానికి చెందిన లారీ కాఫ్‌మన్ ఈ పద్ధతికి ప్రచారం తెచ్చారు. రోడ్డంచు రాళ్లు, కాలిబాటలు, సిమెంటు కాలువలతో సుమారు 4 లక్షల డాలర్లు కాగల పని లక్ష డాలర్లతో ముగిసింది. పారే నీరు నూటికి 75 నుంచి 80 వంతుల మేరకు తగ్గినట్లు తర్వాత జరిపిన పరిశీలనలో తేలింది.

ఈ కథను యథాతథంగా మన నగరాలకు అన్వయించుకోవడం పొరపాటు అవుతుంది. సోమర్‌సెట్‌లో ఇంటి ముందు, వెనుక విశాలమైన పచ్చిక ఉన్నది. అక్కడ వాన ఏడాది పొడవునా కొంచెం కొంచెంగా పడుతుంది. మనకు నాలుగు మాసాలలో కురిసి ఎనిమిది మాసాలు ముఖం చాటేస్తుంది. 120 గజాల స్థలంలో గోడకు గోడ ఆనించి కట్టుకున్న ఇంటి యజమానికి తోట తవ్వుకొమ్మని సలహా ఇవ్వడం పరిహాసమే. కనుక మన దేశంలో వాన తోట ప్రధానంగా అపార్టుమెంట్లకు, పాఠశాలలకు, ప్రభుత్వ కార్యాలయాలకు, పార్కులకు, రోడ్డు పక్కలకు సంబంధించిన విషయం. అయినా కొలత పద్ధతి మాత్రం ఎక్కడైనా ఒకటే.

ఎంత వానకు ఎంత తోట?

ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీరు. ఈ ఒక్క సూత్రం గుర్తుంటే మిగిలినదంతా కూడికలు, భాగహారాలే.

వంద చదరపు మీటర్ల డాబా, అంటే గజాల్లో సుమారు 120. దాని మీద 25 మిల్లీమీటర్ల వాన కురిస్తే పడేది 2,500 లీటర్లు. డాబా తడవడానికి, ఆవిరికి పదో వంతు పోయినా గొట్టం గుండా కిందికి వచ్చేది 2,250 లీటర్లు. ఇక తోట. అందులో 15 సెంటీమీటర్ల లోతున నీరు నిలిచే పల్లం ఉంచారనుకుందాం. దాని కింద 45 సెంటీమీటర్ల మేర పాత మట్టిని తీసి ఇసుక, మట్టి, కంపోస్టు కలిపిన వదులు మిశ్రమం నింపారు. ఆ మిశ్రమంలో నీరు పట్టే ఖాళీ అయిదో వంతు ఉంటుందని తీసుకుంటే, అది మరో 9 సెంటీమీటర్ల నీటితో సమానం. మొత్తం 24 సెంటీమీటర్లు. అంటే తోటలోని ప్రతి చదరపు మీటరూ 240 లీటర్లు పట్టగలదు. అయితే తోట మీద నేరుగా పడే వాన కూడా ఉన్నది. ఆ 25 లీటర్లు తీసివేస్తే డాబా నీటికి మిగిలేది 215 లీటర్ల చోటు. 2,250ని 215తో భాగిస్తే పదిన్నర చదరపు మీటర్లు. డాబా వైశాల్యంలో సుమారు పదో వంతు.

మట్టి మార్చకుండా 15 సెంటీమీటర్ల పల్లం మాత్రమే తవ్వి ఊరుకుంటే అదే డాబాకు 18 చదరపు మీటర్ల తోట కావాలి. మట్టి మార్పుకు పెట్టిన ఖర్చు స్థలంలో ఆదా అవుతున్నదన్న మాట. నగరాలలో గజం ధర తెలిసిన వారికి ఇంతకంటే వివరించనక్కర లేదు. వాన లెక్కను 25 నుంచి 50 మిల్లీమీటర్లకు పెంచితే మాత్రం తోట పరిమాణం రెట్టింపుతో ఆగదు. మట్టి మార్చిన తోటకే 24 చదరపు మీటర్ల దాకా అవసరమవుతుంది. ఎందుకంటే తోట మీద పడే వాన కూడా పెరిగి, లోపలి చోటును తినివేస్తుంది.

మరి లెక్కకు ఎంత వాన తీసుకోవాలి? ఇక్కడే చాలామంది తడబడుతున్నారు. వరద రోజు నాటి అంకె తీసుకుంటే తోట ఇంటి కంటే పెద్దదవుతుంది. హైదరాబాదులో ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్ల వాన దాదాపు 50 వర్షపు రోజులలో కురుస్తుంది. రోజుకు రెండున్నర మిల్లీమీటర్లు దాటితేనే వాతావరణ శాఖ దానిని వర్షపు రోజుగా లెక్కిస్తుంది. సగటున రోజుకు 16 మిల్లీమీటర్లు. సగటు మోసం చేస్తుందన్నది నిజమే గాని, అధిక సంఖ్యలో వానలు 25 మిల్లీమీటర్లకు లోబడే ఉంటాయన్నది దీనిని బట్టి ఊహించవచ్చు. చెన్నైలో ఏడాదికి సుమారు 1,400 మిల్లీమీటర్లు 55 నుంచి 60 రోజులలో కురుస్తుంది కనుక అక్కడ కాస్త పెద్ద అంకె తీసుకోవడం న్యాయం. ముంబయిలో ఇంకా పెద్దది కావాలి. ఒకే కొలతను దేశమంతటికీ రుద్దే నమూనా పథకాలు విఫలమయ్యేది ఇందుకే.

రోడ్డుకు కూడా ఇదే లెక్క వర్తిస్తుంది. ఏడు మీటర్ల వెడల్పు గల రోడ్డు వంద మీటర్ల పొడవున 700 చదరపు మీటర్లు. 25 మిల్లీమీటర్ల వానకు దాని నుంచి పారేది 15,750 లీటర్లు. దీనికి 73 చదరపు మీటర్ల తోట సరిపోతుంది. కాలిబాట పక్కన ఒక మీటరు వెడల్పు పట్టీ తీసుకుని, వంద మీటర్లలో నాలుగో వంతును గేట్లకు, బస్సు స్టాపులకు వదిలినా ఆ చోటు దొరుకుతుంది. డివైడరునే పల్లం చేస్తే సరిపోదా అన్న ప్రశ్న రావచ్చు. చిక్కేమిటంటే, మన రోడ్లు సాధారణంగా మధ్యన ఎత్తుగా, అంచులకు వాలుగా ఉంటాయి. నీరు డివైడరు వైపు రాదు. రోడ్డు వాలు మార్చకుండా డివైడరును తవ్వడం వృథా. తోట ఉండవలసినది అంచున, నీరు సహజంగా చేరే చోట. అక్కడ అంచు రాయిలో ప్రతి కొద్ది మీటర్లకొక జానెడు గండి పెట్టాలి. ఖర్చులో చిన్నదే అయినా పనిలో ముఖ్యమైనది ఈ గండి. అది లేకపోతే మిగతాదంతా మళ్లీ డివైడరు కథే.

నేల ఒప్పుకుంటేనే

కొలత ఎంత కచ్చితంగా వేసినా నేల ఒప్పుకోనిదే నీరు ఇంకదు. ఇందుకు పెద్ద పరికరాలేమీ అక్కరలేదు. తోట వేయదలచిన చోట అడుగు లోతు గుంత తీసి నీటితో నింపాలి. అది ఇంకిపోయిన తర్వాత మళ్లీ నింపి, ఒక కర్రకు గుర్తులు పెట్టి గంటకు ఎంత దిగుతున్నదో చూడాలి. మొదటిసారి పొడి నేల ఆత్రంగా తాగుతుంది కనుక రెండో కొలతే నమ్మదగినది. కాలక్రమేణా మట్టి రంధ్రాలు పూడుకుంటాయి కాబట్టి ఆ వేగంలో సగమే లెక్కకు తీసుకోవడం మంచిది.

గంటకు 25 మిల్లీమీటర్లు దిగే నేలలో 15 సెంటీమీటర్ల నీరు ఆరు గంటల్లో మాయమవుతుంది. 12 మిల్లీమీటర్లయితే పన్నెండున్నర గంటలు. గంటకు రెండు మిల్లీమీటర్లు మాత్రమే దిగే బంకనేల అయితే మూడు రోజులకు పైనే. ఇక్కడ దోమల ప్రసక్తి వస్తుంది. డెంగ్యూను మోసే దోమ గుడ్డు నుంచి రెక్కలు వచ్చే దశకు చేరడానికి సుమారు వారం నుంచి పది రోజులు పడుతుంది. ఒక రోజులో, మహా అయితే రెండు రోజులలో ఆరిపోయే తోటలో దోమ పెరగడానికి వ్యవధి ఉండదు. మూడు రోజులకొకసారి వాన పడుతూ, ఎప్పటికీ ఆరని తోట మాత్రం దోమల పెంపకమే. దోమల భయంతో వాన తోటలను వ్యతిరేకించే కాలనీ సంఘాల అభ్యంతరం తప్పుగా కట్టిన తోటల విషయంలో నూటికి నూరుపాళ్లూ సమంజసం.

తెలంగాణలోని ఎర్ర చల్కా నేలలు, వాటి కింద ఉండే శిథిలమైన రాతి పొరలు నీటిని సులువుగానే తీసుకుంటాయి. హైదరాబాదులో చాలా ప్రాంతాలకు ఇదొక వరం. నల్లరేగడి సంగతి వేరు. అది తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలు విచ్చుతుంది. అటువంటి నేలలో ఇంటి పునాది పక్కనే నీరు ఇంకిస్తే గోడలు బీటలు వారే ప్రమాదమున్నది. ఎక్కడైనా పునాదికి కనీసం మూడు మీటర్ల దూరం పాటించాలన్నది సాధారణ నియమం. నల్లరేగడిలో ఇంకా దూరం ఉంచి, అడుగున కంకర పొరలో రంధ్రాలున్న గొట్టం వేసి, ఇంకని నీటిని నెమ్మదిగా కాలువకు వదలాలి. అప్పుడు భూగర్భ జలం అంతగా పెరగకపోయినా, కాలువ మీద ఒక్కసారిగా పడే భారం తగ్గుతుంది. తీర ప్రాంతాలలో వర్షాకాలంలో భూగర్భ జలం అడుగు, రెండడుగుల లోతుకే వచ్చే పేటలు ఉన్నాయి. నిండిన కుండలో నీరు పోసినట్లే కాబట్టి అక్కడ ఈ ఏర్పాటు పనికిరాదు. సెప్టిక్ ట్యాంకు పక్కన, చెత్త పోగుచేసిన స్థలాలలో కూడా తోట వేయరాదు.

రోడ్డు మీది నీటి విషయంలో మరొక జాగ్రత్త అవసరం. మొదటి వానకు కొట్టుకువచ్చే నీటిలో నూనె, టైర్ల పొడి, దుమ్ము ఉంటాయి. మట్టి పొర వీటిలో చాలావాటిని పట్టి ఉంచగలదు. అదే నీటిని వడకట్టకుండా నేరుగా బోరు గొట్టంలోకి దించడం మాత్రం భూగర్భ జలాన్ని చేతులారా చెడగొట్టుకోవడమే. మన నగరాలలో వాననీటి కాలువలలోనే మురుగు కలుస్తున్న మాట అందరికీ తెలిసినదే. మురుగు వచ్చి చేరే చోట వాన తోట కట్టడం కంటే ముందు ఆ మురుగును ఆపడం మేలు.

ఇంకుడు గుంతల అనుభవం

తెలుగు పాఠకులకు ఈ వ్యవహారమంతా ఇంకుడు గుంతలను గుర్తుకు తేకమానదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2000లో 'నీరు-మీరు' కార్యక్రమం మొదలైనప్పుడు ఈ మాట ఊరూరా మారుమోగింది. 2002లో నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టం వచ్చింది. మరుసటి ఏడాది తమిళనాడు ప్రభుత్వం ప్రతి భవనానికీ వాననీటి సేకరణను తప్పనిసరి చేస్తూ ఆర్డినెన్స్ తెచ్చి, ఏర్పాటు చేయనివారి నీటి కనెక్షన్ తొలగిస్తామని హెచ్చరించింది. 2009లో బెంగుళూరు కూడా చట్టాన్ని సవరించుకున్నది. వీటివల్ల మేలు జరగలేదనలేం. కాని కంకర, ఇసుక నింపి పైన రాతి పలక మూసిన గుంతను తర్వాత ఎవరూ తెరిచి చూడరు. దుమ్ము, ఆకులు చేరి రెండు మూడేళ్లలో పూడుకుపోతే ఆ సంగతి ఇంటివారికే తెలియదు.

వాన తోట మూత లేని గుంత. పూడిక చేరితే కళ్ల ముందే నీరు నిలుస్తుంది, మొక్కలు పసుపు రంగుకు తిరుగుతాయి. వేళ్లు లోతుకు దిగుతూ, చచ్చిన వేళ్లు కుళ్లి సందులు విడుస్తూ మట్టిని గుల్లగా ఉంచుతాయి. వానపాములూ తమ వంతు పని చేస్తాయి. కంకర గుంతకు ఈ సౌలభ్యం లేదు. అయితే గుంతకు స్థలం తక్కువ చాలుతుంది. ఇరుకు స్థలాలలో గుంత, కాస్త జాగా ఉన్నచోట తోట అనుకుంటే పేచీ లేదు.

మొక్కల ఎంపికలో విదేశీ పుస్తకాలు పెద్దగా ఉపయోగపడవు. ఒక రోజు నీటిలో మునిగినా, ఆరు మాసాలు వాన చుక్క చూడకపోయినా బతికే మొక్కలు కావాలి. వట్టివేరు ఇందుకు ముందు వరుసలో నిలుస్తుంది. దాని వేళ్లు మీటర్ల లోతుకు దిగుతాయి. పల్లం నడుమ మెట్ట తామర, తుంగ జాతులు, గట్టు మీద తంగేడు వంటివి ఇమిడిపోతాయి. పచ్చిక పరచి రోజూ నీరు పెట్టే తోటకు వాన తోట అని పేరు పెట్టుకోవడంలో అర్థం లేదు.

ఎంతవరకు ఆపగలదు?

ఈ తోటలకు లేని శక్తిని అంటగట్టడం కూడా మంచిది కాదు. 2020 అక్టోబరు 13, 14 తేదీలలో హైదరాబాదు బేగంపేటలో 24 గంటల్లో 192 మిల్లీమీటర్ల వాన పడింది. 25 మిల్లీమీటర్లకు కొలిచి కట్టిన తోట ఆ రోజున నీటిలో సుమారు ఎనిమిదో వంతును, కురుస్తున్నంతసేపూ ఇంకినదానిని కూడా కలుపుకుంటే మరికొంత ఎక్కువను ఆపగలిగేదే తప్ప వరదను నివారించగలిగేది కాదు. చైనాలో 2015 నుంచి 'స్పాంజి నగరాలు' పేరిట పెద్దయెత్తున ఇటువంటి పనులు చేపట్టారు. అందులో పాలుపంచుకున్న జెంగ్‌ఝౌ నగరంలోనే 2021 జూలై 20న ఒక్క గంటలో 201.9 మిల్లీమీటర్ల వాన కురిసి సొరంగ రైలు మార్గం మునిగి ప్రాణనష్టం జరిగింది. అటువంటి విపరీతాలకు తోటలు కావు, నదుల వెడల్పు, చెరువుల లోతు, కాలువల సామర్థ్యం అవసరం. శ్రీలంక రాజధాని కొలంబో తన చిత్తడి నేలలను కాపాడుకున్నందుకు 2018లో రామ్‌సర్ ఒప్పందం కింద చిత్తడి నేలల నగరంగా గుర్తింపు పొందింది. మన గొలుసుకట్టు చెరువులు చేసినదీ ఆ పనే. చెరువు శిఖం భూమిని ప్లాట్లు చేసి అమ్ముకుని, ఆ కాలనీలో వాన తోటలు పెంచితే ప్రయోజనం శూన్యం.

మరి లాభం ఎక్కడ? ఏటా పదుల సార్లు పడే మామూలు వానలలో. పది నిమిషాల వానకే కూడళ్లు చెరువులయ్యే రోజుల్లో. వంద చదరపు మీటర్ల చొప్పున డాబాలున్న 500 ఇళ్ల కాలనీని తీసుకుంటే, 25 మిల్లీమీటర్ల ఒక్క వానకు పైలెక్క ప్రకారం 11 లక్షల 25 వేల లీటర్లు కాలువలోకి పోకుండా నిలుస్తాయి. పదివేల లీటర్ల ట్యాంకర్లు 112. వేసవిలో అదే కాలనీ ఆ ట్యాంకర్లను డబ్బు పెట్టి కొంటున్నది. ఇంకిన ప్రతి లీటరూ ఆ కాలనీ బోరులోకే వస్తుందని చెప్పలేం. కొంత మొక్కలు తాగుతాయి, కొంత పక్క పేటకు పారుతుంది. అయినా కాలువ గుండా మూసీకో, సముద్రానికో పోయినదాని కంటే అది దగ్గరే.

చెన్నై నగరపాలక సంస్థ 2015 తర్వాతి అనుభవాలతో ఇటీవలి సంవత్సరాలలో పలు పార్కులను పల్లం చేసి స్పాంజి పార్కులుగా మార్చింది. ఇతర నగరాలు అనుసరించదలిస్తే మొదట ఎదురయ్యేది సాంకేతిక సమస్య కాదు, శాఖల సమస్య. రోడ్డు ఒక విభాగానిది, కాలువ మరొక విభాగానిది, మొక్కలు ఉద్యాన విభాగానివి. అంచు రాయికి గండి పెట్టాలంటే మొదటివారి అనుమతి, మిగులు నీటి గొట్టం కలపాలంటే రెండోవారి అనుమతి, మట్టి నింపాలంటే మూడోవారి నిధులు కావాలి. తోట కట్టిన తర్వాత పూడిక ఎవరు తీయాలన్నది ముగ్గురిలో ఎవరి జాబితాలోనూ ఉండదు.

నిజానికి ఆ పని పెద్దదేమీ కాదు. నీరు ప్రవేశించే చోట గులకరాళ్లు పరచిన చిన్న తొట్టి కడితే ఇసుక, ప్లాస్టిక్ సంచులు అక్కడే ఆగుతాయి. దక్షిణాన నైరుతి రుతుపవనాల మీద ఆధారపడిన నగరాలలో మే నెలాఖరుకు, ఈశాన్య రుతుపవనాలు ముఖ్యమైన చెన్నైలో సెప్టెంబరుకు ఆ తొట్టిని ఒకసారి పారతో ఎత్తిపోయాలి. వానల కాలంలో మరో రెండు మూడు సార్లు చూసుకోవాలి. మొక్కలు వేళ్లూనుకునే మొదటి రెండు వేసవులలో మాత్రం నీరు పెట్టక తప్పదు. కనుక తోట నిర్మించే కాంట్రాక్టులోనే రెండేళ్ల నిర్వహణను చేర్చి, ఆ గడువు ముగిసేలోగా ఇంకే వేగాన్ని మరోసారి కొలిచి చూసిన తర్వాతే తుది బిల్లు చెల్లించే షరతు పెట్టాలి.